గినీ పిగ్ చనిపోయింది, పిల్లకు ఏం చెప్పాలి?

బోథ్ నుంచి మాట్లాడుతున్న. ఈ రోజు విషయం చెప్పంగనే కొందరికి నవ్వు రావచ్చు. మా ఇంట్ల గినీ పిగ్ చనిపోయింది. దాని మీద ఒక ఎపిసోడా అని మా తమ్ముడే నవ్విండు. నవ్వితే నవ్వండి, కానీ కొంచెం ఓపికగా వినండి. కిలో బరువు కూడా లేని ఆ జంతువు పోయినంక మా ఇంట్ల మూడు రోజులు జరిగింది నాకు పెద్ద పాఠం అయింది. అందులో ఎక్కువ తప్పు నాదే. ఆ తప్పు చెప్పకుండా ఈ విషయం మాట్లాడితే అర్థం లేదు.

ముందు అసలు గినీ పిగ్ అంటే ఏందో తెల్వనోళ్ల కోసం ఒక మాట. ఇది పంది కాదు, గినియా దేశంది కూడా కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల దిక్కు వేల ఏండ్ల కిందనే మచ్చిక చేసిన జంతువు. పెరూలో దీన్ని ఇప్పటికీ మాంసం కోసం పెంచుతరు. మన దగ్గర చానామంది దీన్ని పెద్ద ఎలుక అనుకుంటరు. ఎలుక జాతికి చుట్టమే, తోక మాత్రం ఉండదు. గడ్డి తింటది. ఫ్రిజ్ తలుపు చప్పుడు వింటే కొత్తిమీర వస్తదని తెలుసుకొని కీచుమని అరుస్తది. బాగా చూసుకుంటే ఐదు నుంచి ఏడేండ్లు బతుకుతది.

మా ఇంటికి రెండు వచ్చినయ్. మా బావమరిది హైదరాబాద్ నుంచి తెచ్చిండు, మా బిడ్డ పుట్టినరోజుకు. ఇష్టం లేదని నేను అన్న, ఎవ్వరు వినలేదు. గోధుమ రంగు దానికి బిడ్డ బెల్లం అని పేరు పెట్టింది. నల్లమచ్చల దానికి నువ్వు అని పెట్టింది. దీనితోని రోజూ తిప్పలే. "నువ్వు తిన్నదా?" అంటే మా ఆవిడ "నేను తిన్న" అనేది. రెండేండ్లు గిట్లనే గడిచినయ్. బిడ్డకు అప్పుడు ఎనిమిదేండ్లు, మూడో తరగతి అయిపోయి ఎండాకాలం సెలవుల్లో ఉంది.

మే నెల. మా చుట్టాలింట్ల పెండ్లి. ఊరి నుంచి వచ్చినోళ్లు ముందు రోజు రాత్రి మా ఇంట్లనే పడుకున్నరు. కూలరున్న ముందటి అర్రలనే ఈ రెండింటి పెట్టె ఉంటది. పొద్దున లేవంగనే ఒకాయన "ఏందీ వాసన" అన్నడు. నాకు సిగ్గయింది. పెట్టె ఎత్తుకపోయి వెనుక రేకుల షెడ్డుల పెట్టిన. పదింటికి తెచ్చి లోపల పెడ్త అనుకున్న. పెండ్లి పనిల పడి మర్చిపోయిన. యాదికొచ్చి ఉరికినప్పుడు మధ్యాహ్నం మూడైంది.

బెల్లం చనిపోయింది. పక్కమీద సాగి పడి ఉంది, మూతి దగ్గర తడి. నువ్వు మాత్రం బతికింది. పెట్టె ఒక మూల నీళ్ల రంజనుకు ఆని ఉండె. రంజను చెమ్మ ఆ మూలకు తగిలింది, అది ఆ మూలనే ఒదిగి కూసుంది. అంతే తేడా.

మే నెలల మా ఆదిలాబాద్ ఎండ సంగతి మీకు తెల్సు. 44, 45 డిగ్రీలు మాకు వింత కాదు. రేకుల కింద ఇంకా ఎక్కువుంటది. గినీ పిగ్‌కు హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీల మధ్యల. 27, 28 దాటితేనే దానికి కష్టం మొదలైతది. మనకు లెక్క దానికి చెమట పట్టదు. కుక్క లెక్క నాలుక బయటపెట్టి వగర్చి ఒళ్లు చల్లార్చుకోవడం కూడా దానికి చేతగాదు. ఒంటి మీద బొచ్చు. పుట్టిల్లు చల్లని కొండలు. మూతి దగ్గర చొంగ, గబగబ ఊపిరి, సాగిలపడి లేవకపోవడం, ఇవి వడదెబ్బ గుర్తులు. అప్పుడు నీడకు తెచ్చి చెవులకు, పాదాలకు చల్లని తడిబట్ట అద్దాలి, నీళ్లు మూతి దగ్గర పెట్టాలి, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఐసు నీళ్లల్ల ముంచొద్దు, ఆ దెబ్బకే పోవచ్చు. ఇవన్నీ నేను ఆ రోజు సాయంత్రం ఫోన్ల చదివిన. పొద్దున చదువుంటే బాగుండు.

సరే, ఇప్పుడు అసలు విషయం.

బిడ్డ, వాళ్లమ్మ ఇంకా పెండ్లి కాడనే ఉన్నరు. నేను బెల్లంను పేపర్ల చుట్టి ఇంటెనుక గోడ పక్కన గబగబ గుంత తవ్వి పెట్టేసిన. సాయంత్రం బిడ్డ వచ్చి చూసి "డాడీ, బెల్లమేది?" అని అడిగింది. నా నోట్ల నుంచి ఒక మాట వచ్చింది. "పిల్లి ఎత్తుకపోయింది బిడ్డా."

ఎందుకన్న? బిడ్డ బాధ పడకుండా అని ఆ రోజు నాకు నేను చెప్పుకున్న. అది సగం అబద్ధం. నా తప్పు బయట పడకుండా అన్న. ఎనిమిదేండ్ల పిల్ల ముంగట తలదించుకోలేక అన్న.

ఆ రాత్రి బిడ్డ ఏడ్చింది, అది అనుకున్నదే. రెండో రోజు అన్నం తినలేదు. పక్కింటి పిల్లి గోడ మీద కనిపిస్తే రాయి తీసుకొని ఉరికింది, ఎన్నడూ గట్ల చేసే పిల్ల కాదు. రాత్రి రెండుసార్లు లేచి పెట్టె గొళ్లెం పట్టి చూసింది. మూడో రోజు పొద్దున మా బాపు నన్ను పక్కకు పిలిచిండు. ఆయనకు డెబ్బై దాటినయ్, ఎక్కువ మాట్లాడడు. "పొల్ల ఏమంటుందో తెల్సా? పెండ్లికి పోయే తొందరల గొళ్లెం సరిగ వెయ్యలేదట. తనవల్లనే పిల్లి ఎత్తుకపోయిందట. నాకు చెప్పి ఏడ్చింది. నీకు చెప్పొద్దన్నది, నువ్వు కోపం చేస్తవని" అన్నడు.

ఆ మాటతోని నాకు కాళ్లు చేతులు ఆడలేదు. నా తప్పును నేను దాచిపెడితే అది పోయి బిడ్డ నెత్తి మీద కూసుంది.

దీని గురించి తర్వాత చదివిన. పిల్లలకు చావు అంటే ఏందో ఒక్కసారే అర్థం కాదు. 1948లో మరియా నాగి అనే ఆమె హంగరీ పిల్లలతో మాట్లాడి రాసిన పరిశోధన ఒకటి ఉంది. ఐదేండ్ల లోపు పిల్లలు చావంటే నిద్రనో, ఊరికి పోవడమో అనుకుంటరని, మళ్లా వస్తరనుకుంటరని ఆమె గమనించింది. తర్వాత వచ్చినోళ్లు దీన్ని ఇంకొంచెం విడదీసి చెప్పిన్రు. చనిపోయింది తిరిగి రాదు. దాని ఒళ్లు పని చెయ్యడం ఆగిపోతది, ఆకలి, నొప్పి, చలి ఏవీ ఉండవు. బతికున్న ప్రతిదానికీ ఇది ఒకరోజు తప్పదు. దానికి ఒక కారణం ఉంటది. ఈ ముక్కలు పిల్లలకు ఒక్కొక్కటిగా, మెల్లమెల్లగా పట్టుబడతాయి. బడికి పోయే వయసులో చానామందికి చాలావరకు తెలిసిపోతాయి. అందరికంటే చివరికి కుదిరేది ఆ కారణం ముక్కనే అనిపిస్తది నాకు. కారణం చెప్పకపోతే పిల్ల తనే ఒక కారణం కనిపెట్టుకుంటది. ఆ కారణంల ఎప్పుడూ తనే ఉంటది. "నేను కోపంగా తిట్టిన, అందుకే చనిపోయింది." "నేను గడ్డి వెయ్యలేదు, అందుకే." చిన్నపిల్లల ఆలోచనే అంత, తన మనసుల అనుకున్నది బయట జరుగుతదనుకుంటరు.

అందుకే "నిద్రపోయింది" అని చెప్పొద్దంటరు. నాలుగేండ్ల పిల్లకు అట్ల చెప్తే ఆ రాత్రి పడుకోవడానికే భయపడతది. "దేవుడికి ఇష్టమై తీసుకపోయిండు" అంటే, రేపు అవ్వను కూడా తీసుకపోతడేమో అనుకుంటది. దేవుడి మాట చెప్పకూడదని కాదు, మీ ఇంటి నమ్మకం మీది. దానితోపాటు ఒళ్లు సంగతి కూడా చెప్పండి అంటున్న. "చనిపోయింది" అనే మాట మన నోటికి రాదు. పోయింది, లేదు, దేవుని దగ్గరికి చేరింది, ఇవే వస్తాయి. పెద్దలకు ఇవి అర్థమైతయ్. పిల్లలకు "పోయింది" అంటే "ఎప్పుడొస్తది?" అనే ప్రశ్న వెంటనే వస్తది.

ఆ రోజు సాయంత్రం నేను బిడ్డను గోడ దగ్గరికి తీసుకపోయిన. బాపు కూడా వచ్చిండు, మేం పిలవలేదు. ఇగో చెప్పిన మాటలు చెప్తున్న, గొప్ప మాటలేం కావు. "బిడ్డా, నేను నీకు అబద్ధం చెప్పిన. పిల్లి ఎత్తుకపోలేదు. నేను పెట్టెను రేకుల కింద పెట్టి మర్చిపోయిన. ఎండకు తట్టుకోలేక బెల్లం చనిపోయింది. గొళ్లెం నువ్వు సరిగనే వేసినవ్. నీ తప్పు ఏం లేదు, నాది."

ఏడుస్తది అనుకున్న. ఏడ్వలేదు. కొంచెంసేపు గోడ దిక్కు చూసి "దానికి నీళ్లు పెట్టినవా అక్కడ?" అని అడిగింది. పెట్టిన, డబ్బా ఉండె అన్న. "వేడి నీళ్లయి ఉంటయ్" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఇంకా అడిగింది, "నొప్పి అయిందా?" అని. నేను అప్పటికి చదువుకున్నది చెప్పిన. మొదట కష్టమై ఉంటది, తర్వాత తెలివి తప్పి ఉంటది, అప్పుడు నొప్పి తెల్వదు అని. "అస్సలు కాలేదు" అని చెప్పబుద్ధి అయింది. ఒక అబద్ధం అయింది కదా, ఇంకోటి ఎందుకని చెప్పలేదు.

అక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. నేను ఆ రోజు తొందరల జానెడు లోతే తవ్విన. వాసనకు కుక్కలొచ్చి అప్పటికే ఒక పక్క మట్టి గీకినయ్. బాపు చూసి ఏం మాట్లాడకుండ పోయి గడ్డపార తెచ్చిండు. మే నెలల మా నల్లరేగడి రాయి లెక్క ఉంటది, పగుళ్లు పడి. సగం బిందె నీళ్లు పోసి నానబెట్టి తవ్వినం. మీలో ఎవరికైనా ఈ పని పడితే రెండు మూడు అడుగుల లోతు తవ్వండి. బావికి, బోరుకు దూరంగా చూసుకోండి. పాత కాటన్ బట్టల చుట్టండి, ప్లాస్టిక్ కవర్ వద్దు, మట్టిల కలవదు. పైన బరువైన రాయి పెట్టండి. బిడ్డ తన పాత లంగా ఒకటి తెచ్చింది. బాపు "ముట్టుకుంటవా?" అని అడిగిండు. వద్దన్నది. సరే అన్నడు, బలవంతం చెయ్యలేదు. ఇది నాకు నచ్చింది. చూస్తానంటే చూడనియ్యాలి, వద్దంటే వదిలెయ్యాలి. కొత్తిమీర కట్ట మాత్రం తన చేతులతోనే పెట్టింది.

అప్పుడు బాపు ఒక ముచ్చట చెప్పిండు. నాకు నలభై ఏండ్లొచ్చినయ్, నేను కూడా మొదటిసారే విన్న. నేను చిన్నగున్నప్పుడు ఆయన దగ్గర ఒక జత ఎడ్లు ఉండె. అందులో ఒకటి చనిపోయిందని తెల్సు, ఎట్ల అనేది తెల్వదు. వానలు ఎనుకబడ్డ ఏడు, కోసిన జొన్న మోళ్లు మళ్లా లేత చిగుళ్లు వేసినయ్. రైతులకు తెల్సు, ఆ చిగుర్లల్ల విషం ఉంటది, నాము అంటం. సైనైడ్ జాతి విషమే అది. ఎద్దు కడుపునిండ తింటే గంటల్లనే పోతది. ఆ రోజు బాపు ఎద్దును కట్టెయ్యకుండ చాయ తాగుతందుకు పోయిండు. వచ్చేసరికి చేనుల పడి ఉంది. "నలుగురు ఏమన్నరో తెల్సా? ఎద్దు పోతే ఇంకో ఎద్దు, అప్పు చేసి కొనుక్కో అన్నరు. కొన్న. దాని పేరుతోని దీన్ని పిలవలేదు" అన్నడు బిడ్డతోని. నా దిక్కు చూడలేదు. కానీ ఆ మాట నాకే చెప్పిండని నాకు తెల్సు.

మా బిడ్డ అడిగింది, "నువ్వు ఏడ్చినవా తాతా?" "చేన్ల ఏడ్చిన. ఇంటికొచ్చి ఏడ్వలే."

ఈ "ఇంటికొచ్చి ఏడ్వలే" అన్న మాటకు పుస్తకాలల్ల ఒక పేరుంది. కెన్నెత్ డోకా అనే అమెరికా ప్రొఫెసర్ 1989లో దీని మీద ఒక పుస్తకం తెచ్చిండు. కొన్ని దుఃఖాలకు సమాజం హక్కు ఇయ్యదు అంటడు ఆయన. మనిషి పోతే దినాలుంటయ్, సెలవు ఉంటది, పదిమంది వచ్చి పక్కన కూసుంటరు. జంతువు పోతే ఏముంటది? మా వాడకట్టుల ఒకాయన అడిగిన మొదటి ప్రశ్న "ఎంతకు కొన్నరు?" అని. ఇంకొకామె "ఇంకోటి తెచ్చియ్యిర్రి, మర్చిపోతది" అన్నది. వాళ్లు చెడ్డోళ్లు కాదు. వాళ్లకు దాన్ని చూసే లెక్క అదే. జూన్ల బడి తెరిచినంక క్లాసుల ఒక పోరడు "ఎలుక చస్తే ఏడుస్తరా" అన్నడట. బిడ్డ ఇంటికొచ్చి చెప్తే బాపు "పేరు పెట్టి పిలిసినంక అది ఎలుక ఎట్లయితది?" అన్నడు. తెల్లారి బిడ్డ ఆ మాటనే ఆ పోరనికి అప్పజెప్పింది.

పట్నపోళ్లకు పుట్టిన కొత్త సోకు ఇది, మనకు ఎక్కడిది అనేటోళ్లకు ఒక మాట. రామాయణంల రాముడు జటాయువుకు చితి పేర్చి, తండ్రికి చేసినట్టు కర్మ చేసిండు. పక్షికి. భారతం చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్కను విడిచిపెట్టి స్వర్గానికి రానన్నడు. ఈ కథలు చెప్పుకునే ఇండ్లల్లనే, పిల్ల జంతువు కోసం ఏడిస్తే ఊకో అని కసురుతం.

ఇంక కొన్ని పనికొచ్చే సంగతులు చెప్తా. రెండు జంతువులుండి ఒకటి పోతే, మిగిలినదాన్ని మర్చిపోవద్దు. మేం రెండు రోజులు బిడ్డ ఏడుపు సంగతిల పడి నువ్వును సరిగ చూడలేదు. గినీ పిగ్‌లు గుంపుల బతికే జంతువులు. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ఒంటరిగా ఒక్కదాన్నే పెంచడం చట్టప్రకారం తప్పు. తోడు పోతే కొన్ని మూలకు కూసుంటయ్, కొన్ని తిండి మానేస్తయ్. అది చిన్న విషయం కాదు. వీటి పేగు ఎప్పుడూ నడుస్తనే ఉండాలి. పన్నెండు గంటలు ఏం తినకపోయినా, పెంటికలు పడకపోయినా అది అర్జెంటు కేసు. గడ్డి తింటుందా, పెంటికలు ఎన్ని, ఎంత సైజు అని రోజూ చూడండి. వారానికి ఒకసారి తూకం వేయండి, మేం కిరాణం కొట్టు కాంటా మీదనే వేసినం. చానామంది పెంచేటోళ్లు, చనిపోయినదాన్ని కొద్దిసేపు తోడు దగ్గర ఉంచుతరు, వాసన చూసి తెలుసుకుంటదని. రోగంతోని పోతే మాత్రం అట్ల చెయ్యొద్దు.

మందుల గురించి ఒక హెచ్చరిక. ఇంట్ల పిల్లల కోసం తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ ఉంటది కదా, అది పొరపాటున కూడా వీటికి తాగించొద్దు. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణం పోతది. మాలాంటి ఊర్లల్ల గినీ పిగ్‌ను చూసిన డాక్టరు దొరకడం కష్టమే. పశువుల డాక్టరుకు ముందే ఫోన్ చేసి "ఇది గినీ పిగ్, కుందేలు కాదు" అని చెప్పి అడగండి. ఇంకోటి, విటమిన్ సి. మనిషి లెక్కనే ఇది కూడా ఒంట్ల విటమిన్ సి తయారు చేసుకోలేదు. జామపండు ముక్క, కొత్తిమీర, క్యాప్సికమ్ లాంటివి రోజూ పడాలి. ఉత్త గింజలు పెట్టి పెంచితే కీళ్లు వాచి, చిగుళ్లు పాడై మెల్లగ కుంగిపోతది.

ఇది ఎందుకు చెప్తున్నంటే, చానామంది "నిన్ననే మంచిగుండె, రాత్రికి రాత్రి పోయింది, మేం ఏం చేసినమో" అని బాధపడతరు. వేటకు దొరికే జంతువులు జబ్బును దాచుకుంటయ్. బలహీనంగా కనిపిస్తే గద్ద, నక్క దాన్నే పట్టుకుంటది కదా, ఆ భయం వాటి రక్తంలనే ఉంది. మనకు కనిపించేసరికి చానాసార్లు ఆలస్యమైతది. అట్లాంటప్పుడు మీ తప్పు నిజంగనే లేకపోవచ్చు. నాది వేరే సంగతి, నాది తప్పే. దాన్ని "విధి" అని పక్కకు నెట్టుకుంటే నాకు నిద్ర పట్టలేదు. "అవును, నావల్లనే అయింది, చేద్దామని చెయ్యలేదు, కానీ నావల్లనే" అని ఒప్పుకున్నంకనే కొంచెం తేలిక అయింది. ఇప్పుడు పెట్టె పక్కన గోడకు ఉష్ణోగ్రత చూసే చిన్న మీటరు వేలాడుతది, మీరు నా వెనుక చూస్తున్నది అదే. కరెంటు పోయినప్పటికని సీసాల నీళ్లు గడ్డకట్టించి ఫ్రిజ్‌ల ఉంచుతం. బట్టల చుట్టి పక్కన పెడితే అవే దానికి ఆని పడుకుంటయ్.

దుఃఖం గురించి ఐదు మెట్లు అని మీరు విని ఉంటరు. కోపం, బేరం, కుంగుబాటు అనుకుంట వరుసగా. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో రాసిన పుస్తకంల ఉన్నది అది. ఆమె రాసింది చావుకు దగ్గరైన రోగులతోని మాట్లాడి. మన ఇంట్ల ఒకరు పోతే వరుసగా ఈ మెట్లే ఎక్కాలని దాని అర్థం కాదు. మా బిడ్డకు ఏ వరుసా లేదు. పొద్దున ఏడ్చింది, పది నిమిషాలకు చింతచెట్టు కింద అచ్చనగండ్లు ఆడింది. మా ఆవిడ "మర్చిపోయింది" అని సంతోషపడ్డది. రాత్రి మళ్లా మొదలు. పిల్లలు గట్లనే, కొంచెం కొంచెం మింగుతరు. ఆడుకుంటున్నదంటే బాధ లేదని కాదు, ఏడుస్తున్నదంటే ఎప్పటికీ గిట్లనే ఉంటదని కూడా కాదు.

నామీద కోపం మాత్రం రెండు వారాలు ఉంది. స్కూటర్ మీద నా ఎనుక కూసున్నప్పుడు నన్ను పట్టుకోకుండ సీటు పట్టుకునేది. నేను ఐస్‌క్రీమ్ కొనిచ్చి మంచి చేసుకోవాలని చూసిన. తిన్నది, కోపం మాత్రం పోలేదు. ఒకరోజు "నువ్వు బెల్లంకు సారీ చెప్పినవా?" అని అడిగింది. చెప్పలేదన్న. "నాకు చెప్పినవ్ గాని దానికి చెప్పలేదు" అన్నది. పోయి రాయి దగ్గర నిలబడి చెప్పిన. పక్కింటాయన మేడ మీద నుంచి చూసిండు, చూస్తే చూడనీ.

కొందరి ఇండ్లల్ల ఇది ఇంతటితోని ఆగదు. వారాలు గడిచినా నిద్ర, తిండి, బడి కుదరకపోతే, పిల్ల పూర్తిగా మాట మానేస్తే, లేదా ఒంటరిగా బతికే పెద్దోళ్లు ఉన్న ఒక్క కుక్కనో పిల్లినో పోయి "నాకింక ఎవరున్నరు" అంటే దాన్ని తేలికగా తీసుకోవద్దు. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోన్ సేవ ఉంది. 14416 నంబరు, డబ్బులు పడవు, రాత్రి పగలు ఉంటది, తెలుగుల మాట్లాడొచ్చు. "జంతువు పోయింది" అని చెప్పడానికి సిగ్గుపడకండి.

ఇంకోటి ఎప్పుడు తేవాలి అని నన్ను అడిగేటోళ్లు ఎక్కువున్నరు. వారంల తెచ్చి అదే పేరు పెట్టి అదే పెట్టెల వేస్తే, పోయింది ఒక సామాను, పగిలితే మార్చినం అని పిల్లకు చెప్పినట్టే అయితది. మాకు ఒక ఇబ్బంది ఉండె, నువ్వు ఒంటరి అయింది. దానికి తోడు కావాలి, బిడ్డకు ఇష్టం లేదు. నేను తొందరపెట్టలేదు. రోజుకు రెండుసార్లు ఎక్కువ సేపు ఒళ్లో పెట్టుకొని కూసున్నం. మనిషి తోడు దానికి సరిపోదు, కానీ ఏం లేకపోవడం కంటే నయం.

శ్రావణ అమావాస్యకు మాకు పొలాల పండుగ. ఎడ్లకు స్నానం చేయించి, కొమ్ములకు రంగేసి, ఆ రోజు కాడి కట్టకుండ బువ్వ పెడ్తం. ఎడ్లు లేనోళ్లు మట్టి ఎడ్లు చేసి మొక్కుతరు. మాకు ఇప్పుడు ఎడ్లు లేవు, ట్రాక్టర్ కిరాయికి దున్నిస్తం, బాపు మట్టివే చేస్తడు. ఈసారి బిడ్డ పక్కన కూసుని తోక లేనిది, కాళ్లు పొట్టిగ ఉన్నది ఒకటి చేసింది. బాపు ఏం అడగకుండ దాన్ని రెండు ఎడ్ల మధ్యల పెట్టిండు. బొట్టు పెట్టిన్రు, భక్ష్యం ముక్క పెట్టిన్రు. మా ఆవిడ "దానికి భక్ష్యం పడదు, కొత్తిమీర పెట్టు" అన్నది. పెట్టినం.

పండుగ అయిన రెండు వారాలకు బిడ్డే అన్నది, నువ్వుకు బుగులైతుంది, ఇంకొకటి తెద్దామని. నిర్మల్‌ల ఒకరు పెంచలేక ఇచ్చేస్తమంటే తెచ్చినం. తెల్లది, ఎర్ర కండ్లు. మొదట ఒక వారం వేరే పెట్టెల ఉంచి, పక్కపక్కన వాసన అలవాటు చేసి, అప్పుడు కలిపినం. మొదటిరోజు నువ్వు దాన్ని పెట్టెంత తరిమింది, ఇప్పుడు ఒక్క గిన్నెల తింటున్నయ్. పేరు ఇంకా పెట్టలేదు. అడిగితే "చూస్త" అంటది. ఇప్పటికైతే మేం దాన్ని కొత్తది అని పిలుస్తున్నం, అది పలుకుతుంది కూడా.

సరే మరి, కొత్తిమీర ఏళయింది, లోపలి నుంచి అరుపులు మీకు వినిపిస్తున్నట్టున్నయ్. ఉంటా, నమస్తే.